రేసెక్కని ఇంజను

తడ దగ్గర జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే, శ్రీసిటీ వైపు నుంచి వచ్చే బళ్ళలో ఇసుజు పికప్పులూ కనిపిస్తాయి. ఆ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్లో మొదలైంది. ఇసుజు అనగానే మనకు గుర్తొచ్చేది డీజిలు, లారీ, బరువు. ఆ పేరుకు ఫార్ములా వన్‌తో చుట్టరికం కలుపుతానంటే టీకొట్టు దగ్గర ఎవరైనా నవ్వుతారు. కానీ 1991 ఆగస్టులో, ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ ట్రాకు మీద లోటస్ 102సి అనే కారు తిరిగింది. దాన్ని నడిపించింది ఇసుజు సొంతంగా తయారుచేసిన 3.5 లీటర్ల, పన్నెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను. లోటస్ జట్టుకు అప్పుడు గడ్డురోజులు. అలాంటి ఇంటికి జపాను కంపెనీ ఒకటి కొత్త ఇంజనుతో వచ్చిందంటే జనం పెళ్ళి మాటలే అనుకుంటారు. ఇసుజు మాత్రం తన ఇంజనీర్ల సత్తా ఎంతో చూసుకుని వెనక్కి పోయింది. ఆ ఇంజను ఒక్క రేసూ ఆడలేదు.

కంపెనీలు రేసుల్లోకి ఎందుకొస్తాయి, ఎందుకు పోతాయి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ కథే చెబుతాను. గెలవడానికే వస్తాయనుకోవడం మన అమాయకత్వం. ఇంజనీర్లకు పని నేర్పడానికి వస్తాయి, కొత్త దేశంలో పేరు నాటుకోవడానికి వస్తాయి, పక్కవాడు వచ్చాడని కూడా వస్తాయి. ఆ పని తీరగానే పోతాయి. ఈ రాకపోకల కబుర్లు ఎక్కువగా రేసులు లేని శీతాకాలంలోనే పుడతాయి. సంక్రాంతి సినిమాల ముందు ఫిలింనగర్ కబుర్లలాగే రేసులవాళ్ళకూ ఒక పుకార్ల ఋతువుంది. డిసెంబరంటే కంపెనీలు పై ఏడాది ఖర్చు లెక్కగట్టుకునే నెల కదా.

తడ నుంచి చెన్నై దారి పట్టి, గుమ్మిడిపూండి దాటి ఇంకా ముందుకెళ్తే షోళవరం వస్తుంది. దక్షిణాదిలో కారు రేసులకు పుట్టినిల్లు అదే. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే పాడుబడి ఉంటే, 1953లో పుట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్నే ట్రాకు చేసుకుంది. అప్పటికి మన దేశంలో కార్ల కంపెనీలంటే వేళ్ళ మీద లెక్క. కారు కొనాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన కాలంలో కంపెనీకి రేసు గెలిచి పేరు తెచ్చుకోవాల్సిన అగత్యం ఎక్కడిది? అందుకే షోళవరంలో జమీందార్లు, మిల్లు యజమానుల బిడ్డలు, చేతిలో పానా పట్టిన మెకానిక్కులు కలిసి ఆడారు. విజయ్ మాల్యా కూడా కుర్రతనంలో ఇక్కడ కారు తోలినవాడే. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది.

అసలు మార్పు తెచ్చింది కోయంబత్తూరు తెలుగువాళ్ళు. లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడు కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్, 1980ల చివర్లో మారుతి 800 ఇంజను తీసి ఒంటి సీటు రేసు కారుకు బిగించాడు. దాని పేరే ఫార్ములా మారుతి. మూడు సిలిండర్ల ఆ ఇంజను ఊళ్ళో ఏ షెడ్డులోనైనా బాగుపడుతుంది, విడిభాగాలు ఏ బజారులోనైనా దొరుకుతాయి. బయటి దేశపు కంపెనీ దయ కోసం చూడకుండా రేసు చేయొచ్చని చూపించిన మనిషి ఆయన. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంత ట్రాకు కట్టుకునేసరికి ఆడటానికి కార్లు ఉన్నాయంటే అందులో కరివర్ధన్ చెయ్యి పెద్దది. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు ట్రాకుకు ఆయన పేరే పెట్టుకున్నారు. మన రేసుల చరిత్రలో ఆయనకు రావాల్సినంత పేరు రాలేదని నా గట్టి నమ్మకం.

ఫార్ములా మారుతితో మొదలుపెట్టిన కుర్రాళ్ళలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 2001లో జాగ్వార్ జట్టు అతని చేత కారు తోలించి చూసింది. ఇక మనవాడు ఫార్ములా వన్‌లో ఉన్నట్టే అన్నారు. 2004కు మినార్డి జట్టు సీటిస్తానంది, కావాల్సిన స్పాన్సర్ల డబ్బు కుదరలేదు. చివరికి 2005 ఫిబ్రవరిలో జోర్డన్ జట్టుతో సంతకమైంది. కారుకు టొయోటా ఇంజను, చొక్కా మీద టాటా పేరు. ఆ జూన్ 19న ఇండియానాపోలిస్‌లో అతను నాలుగో స్థానంలో వచ్చి ఐదు పాయింట్లు తెచ్చాడు. మిషెలిన్ టైర్లు ఆ ట్రాకు మలుపును తట్టుకోలేవని తేలడంతో పద్నాలుగు కార్లు రేసు మొదలయ్యే ముందే పక్కకు తప్పుకున్నాయి. బ్రిడ్జిస్టోన్ టైర్ల ఆరు కార్లే ఆడాయి. మన దేశానికి మొదటి పాయింట్లు ఒక టైర్ల కంపెనీ తప్పిదం పుణ్యమే. ఆ మాటకు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. మిగిలిన ఆరుగురిలో ఉండటం కూడా పనే.

హైదరాబాదు ముచ్చట ఇక్కడ చెప్పాలి. 1997లో కలకత్తాలో ఫార్ములా వన్ అన్నారు, తర్వాత బెంగళూరన్నారు. 2003 చివర్లో వంతు మనదైంది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం గోపనపల్లి భూముల పేరు చెప్పింది, టెండర్లు పిలిచింది, 2007లో రేసు అంటూ ఏడేళ్ళకు అవగాహన ఒప్పందం చేసుకుంది. ట్రాకు లేదు, జట్టు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 2004 మేలో ప్రభుత్వం మారింది, సోమలింగాన్ని అందరూ మర్చిపోయారు. రేసు చివరికి ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాకు పోయి, 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళు జరిగి, పన్నుల తగాదాల మధ్య ఆగింది. మూడుసార్లూ గెలిచింది వెటెల్ అనే ఒకే డ్రైవరు.

ఈలోపు నారాయణ్ తోలిన ఆ జోర్డన్ జట్టు చేతులు మారుతూ పోయింది. 2007లో దాన్ని కొని ఫోర్స్ ఇండియా అన్నవాడు షోళవరం కుర్రాడు మాల్యా. 2018లో అది దివాలా దాకా వెళ్ళింది. ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ పేరుతో నడుస్తోంది, 2026 నుంచి దానికి హోండా ఇంజను. హోండా అంటారా, పుకార్ల ఋతువుకు అసలు హీరో అదే. 2008 డిసెంబరు 5న, మార్కెట్లు కుప్పకూలిన చలికాలంలో, ఫార్ములా వన్ మానేస్తున్నానంది. దాని జట్టును, ఆ జట్టు సారథి రాస్ బ్రాన్ పేరుకు ఒక్క పౌనుకు తీసుకున్నాడు. పై ఏడాది ఆ కార్లే ప్రపంచ టైటిల్ కొట్టాయి, తర్వాత మెర్సిడెస్ కొనుక్కుంది. తను వండిన కూడు పక్కింటివాడు తిన్నాడు. ఆ 2009లోనే బీఎండబ్ల్యూ, టొయోటా కూడా పోయాయి. హోండా మాత్రం 2015లో తిరిగొచ్చి, 2020లో మళ్ళీ పోతానని చెప్పి, 2023లో మళ్ళీ వస్తానంది.

విద్యుత్ కార్ల ఫార్ములా ఈలోనూ ఇదే తంతు. 2020 నవంబరు 30న ఆడి, రెండు రోజులకే బీఎండబ్ల్యూ వీడ్కోలు చెప్పాయి. ఏడాది తిరక్కుండా మెర్సిడెస్ కూడా. మొదటి ఏడాది నుంచీ వదలకుండా ఉన్నది మన మహీంద్రా. జహీరాబాదులో ట్రాక్టర్లు చేసే ఆ కంపెనీయే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2.83 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద, హైదరాబాదుకు నిజంగానే రేసొచ్చింది. జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, వెర్న్ అనే డ్రైవరు గెలిచాడు. మళ్ళీ ఏడాది ఫిబ్రవరికి రెండో రేసు ఖాయమన్నారు. డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 జనవరి మొదట్లో రేసు రద్దయింది. తర్వాత ఆ రేసు చెల్లింపుల మీద ఏసీబీ కేసు కూడా పెట్టింది. అది కోర్టుల సంగతి. నేను చూసేది ఒకటే. ఇరవయ్యేళ్ళ తేడాతో రెండుసార్లూ మన రేసు బతుకు కంపెనీల లెక్కల పుస్తకంలో కాదు, ఎన్నికల పెట్టెలో ఇరుక్కుంది.

హైదరాబాదు రేసు రద్దయిన ఆ జనవరిలోనే ఇంకో సంగతి జరిగింది. తడకు దగ్గర్లో, సత్యవేడు మండలం మదనపాలెంలో హీరో మోటార్‌సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉంది. 2018లో శంకుస్థాపన చేశారు. ఆ కంపెనీ 2016లో ర్యాలీ జట్టు పెట్టి, పై ఏడాదే డకార్‌కు పోయింది. ఎడారిలో రోజుల తరబడి తోలే రేసది. 2020లో ఆ జట్టు రైడర్ పౌలో గొన్సాల్వెస్ ఆ రేసులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. చాలా కంపెనీలకు అక్కడితో సరి. వీళ్ళు పోలేదు. 2022లో ఒక అంచె గెలిచారు. 2024 జనవరి 19న, హైదరాబాదులో రద్దు వార్త ఇంకా చల్లారకముందే, సౌదీ ఇసుకలో బోట్స్‌వానా రైడర్ రాస్ బ్రాంచ్ హీరో బండి మీద మొత్తానికి రెండో స్థానంలో వచ్చాడు. మదనపాలెం నుంచి బయటికొచ్చేవి ఆ బళ్ళు కావు. మన ఊళ్ళలో పాలక్యాన్లు కట్టుకుని, ముగ్గురెక్కి, వానలో చెరువుకట్ట మీద పోయే బళ్ళు.