పట్టణం నడిబొడ్డున టాకీసు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత సాంఘిక చరిత్రకు ఒక ఆకరం

వ్యాససంగ్రహం:

సినిమా చరిత్ర అనగానే నటుల, దర్శకుల, నిర్మాతల చరిత్ర గుర్తుకు రావడం మనకు అలవాటైంది. సినిమాను చూపిన స్థలం, చూసిన జనం ఆ చరిత్ర అంచుల్లోనే మిగిలిపోయారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నేపథ్యంలో ఏకతెర థియేటరును సాంఘిక చరిత్రకు ఆకరంగా చదవవచ్చని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పట్టణ కేంద్రాలు కొత్త రూపు దాలుస్తున్న ఈ కాలంలో భవనాలతో పాటు వాటి కాగితాలు, జ్ఞాపకాలు కనుమరుగు కాకముందే సేకరించవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: టాకీసు, నేల టికెట్టు, ప్రేక్షకులు, నైజాం ఏరియా, బలగం, పట్టణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి సినిమా చరిత్ర ప్రదర్శనతోనే మొదలైంది. రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో గెయిటీ థియేటరును నెలకొల్పిన తరువాతే చిత్రనిర్మాణం వైపు మళ్లారు. విజయవాడలో మారుతి సినిమాహాలు 1921లో వెలసింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది 1932లో. అంటే తెరమీద తెలుగు మాట వినబడకముందే తెలుగు నేల మీద సినిమాహాలు ఉంది.

హైదరాబాదు సంస్థానంలోనూ ప్రదర్శనకున్న బలాన్ని పాలకులు తొందరగానే గుర్తించారు. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించారు. 1924లో 'రజియా బేగం' చిత్ర ప్రదర్శన నిజాం ఆగ్రహానికి కారణమై, ఆయన సంస్థానాన్ని విడిచిపోవలసి వచ్చింది. 1948లో నిజాం పాలన ముగిసినా సినిమా పంపిణీ వ్యాపారంలో తెలంగాణ నేటికీ 'నైజాం ఏరియా'గానే వ్యవహారంలో ఉంది. రాజకీయ పటం నుంచి తొలగిన హద్దు వ్యాపారుల లెక్కల్లో నిలిచి ఉండడం ప్రదర్శనారంగ చరిత్రను విడిగా చదవవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

2. ఒకే కప్పు, వేర్వేరు తరగతులు:

తమిళ సమాజంలో అన్ని వర్గాలవారు ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమాహాలేననీ, అక్కడ స్థానాన్ని నిర్ణయించింది సామాజిక హోదా కాక కొనుగోలు శక్తి అనీ కార్తిగేసు శివతంబి 1981లో ప్రతిపాదించారు. తెలుగు ప్రాంతానికి సంబంధించి ఎస్.వి. శ్రీనివాస్ సినిమాహాలును, అందులోని ప్రేక్షకసమూహాన్ని ప్రజాజీవనంలో భాగంగా చర్చించారు. ఈ ఆలోచనలను ఉత్తర తెలంగాణకు అన్వయించినప్పుడు ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు గడీల ఆధిపత్యానికి, వెట్టికి వ్యతిరేకంగా రైతుకూలీలు కదిలిన ప్రాంతాలు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర ముందు కూర్చోవడమే నేరమైన పల్లె నుంచి వచ్చిన కూలీకి, టికెట్టు కొని కూర్చునే హక్కునిచ్చిన టాకీసు ఏ అనుభవాన్ని ఇచ్చి ఉంటుంది? ఉద్యమ చరిత్రలు సభలను, ఊరేగింపులను నమోదు చేశాయి. జనం డబ్బు చెల్లించి పక్కపక్కన కూర్చున్న ఈ స్థలం మీద వాటి దృష్టి అంతగా పడలేదు.

అయితే టాకీసును సమానత్వానికి ప్రతీకగా చూడడమూ తొందరపాటే అవుతుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అనే విభజన లోపల ఉండనే ఉంది. స్త్రీలకు వేరే టికెట్టు కిటికీ, వేరే వరుసలు ఉండేవి. పుట్టుకతో వచ్చిన అంతరాన్ని డబ్బుతో వచ్చిన అంతరం ఎంతవరకు చెరిపింది, ఎంతవరకు కొత్త రూపంలో కొనసాగించింది అన్నది స్థానిక ఆధారాలతోనే తేలవలసిన విషయం.

3. శ్రమ, కాలం, ప్రేక్షకులు:

ఈ మూడు పట్టణాల ప్రేక్షకులను వారి శ్రమ నుంచి వేరుచేసి అర్థం చేసుకోలేము. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. సాంచాల మీద పగటి, రాత్రి పాళీలు నడుస్తాయి. అక్కడి కార్మికులు భివండీ, షోలాపూరు వంటి పట్టణాలకు వలస వెళ్లి వచ్చినవారు కూడా. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే పని ప్రధానంగా స్త్రీలది. పాళీ దిగిన కార్మికునికి ఏ ఆట అనుకూలం? సొంత సంపాదన గల స్త్రీ మ్యాటినీకి వెళ్లడంలో ఇంటి అనుమతి పాత్ర ఎంత? ఆటల వేళలను పనివేళలతో పోల్చి చూస్తే విశ్రాంతికి కూడా ఒక చరిత్ర ఉందని స్పష్టమవుతుంది.

గల్ఫ్ వలస ఈ చరిత్రలో మరో మలుపు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి వేలాది మంది ఎడారి దేశాలకు వెళ్లారు. వలస కుటుంబాల ఇళ్లలోకి వచ్చిన టీవీ, వీడియో పెట్టెలు సినిమాను ఇంట్లోకి తెచ్చాయి. థియేటరు క్షీణతను ఓటీటీతో మొదలుపెట్టే వివరణలు ఈ పాత దశను విస్మరిస్తున్నాయి.

4. కాగితాల్లో టాకీసు:

టాకీసు చరిత్రకు ఆధారాలు జ్ఞాపకాలు మాత్రమే కావు. ఆంధ్రప్రదేశ్ సినిమాల (నియంత్రణ) చట్టం 1955లో, దాని నియమావళి 1970లో వచ్చాయి. వీటి ప్రకారం శాశ్వత థియేటరుకైనా, టూరింగు టాకీసుకైనా లైసెన్సు తప్పనిసరి. భవన పటం, సీట్ల సంఖ్య, విద్యుత్తు, అగ్నిమాపక ధ్రువపత్రాలు ఈ ఫైళ్లలో చేరతాయి. వినోదపు పన్ను రికార్డులు ఆదాయాన్ని, టికెట్టు ధరలను తెలుపుతాయి. తరువాత వచ్చిన స్లాబు పద్ధతిలో పన్నుకు అమ్ముడైన టికెట్ల లెక్కతో సంబంధం తగ్గింది కాబట్టి, ఆ కాలపు పన్ను పత్రాల నుంచి ప్రేక్షకుల సంఖ్యను ఊహించడంలో జాగ్రత్త అవసరం. 2017 జూలైలో వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయింది.

2016 అక్టోబరు 11న ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కాబట్టి ఈ పట్టణాల పాత ఫైళ్ల కోసం కరీంనగరు వైపు, తరువాతి ఫైళ్ల కోసం కొత్త జిల్లా కార్యాలయాల వైపు పరిశోధకుడు చూడవలసి ఉంటుంది.

5. మారుతున్న కేంద్రం, తిరిగి వచ్చిన తెర:

జిల్లాల ఏర్పాటుతో పట్టణ కేంద్రం అన్న భావనే మారుతున్నది. సిరిసిల్లలో 2021 జూలైలో, జగిత్యాలలో 2022 డిసెంబరులో సమీకృత కలెక్టరేట్లు ప్రారంభమయ్యాయి. రోడ్ల వెడల్పు, కొత్త వ్యాపార సముదాయాలతో నడిబొడ్డు స్థలం విలువ పెరిగినకొద్దీ రోజుకు నాలుగు ఆటల ఆదాయం ఆ స్థలానికి చాలదు. 2024 మే నెలలో తగిన చిత్రాలు లేక తెలంగాణలోని ఏకతెర థియేటర్లు కొన్నాళ్లు ప్రదర్శనలు నిలిపివేయాలని నిర్ణయించుకున్నాయి. భవనం అభివృద్ధికి అడ్డుగా కనిపించడం ఇలాంటి పరిస్థితుల్లోనే మొదలవుతుంది.

దీనికి భిన్నమైన మార్గాలూ ఉన్నాయి. ముంబైలో 1938 నాటి ఈరోస్ థియేటరు 2024లో తిరిగి తెరుచుకుంది. అమెరికాలో టాంపా నగరం 1926 నాటి థియేటరును 1970లలో కూల్చివేత నుంచి కాపాడుకుంది. అయితే ఇవి పెద్ద నగరాల్లోని విలాసవంతమైన భవనాలు. రేకుల కప్పు, నేల తరగతి ఉన్న చిన్న పట్టణపు టాకీసుకు ఈ నమూనా నేరుగా వర్తించదు. జగిత్యాల కోటను వారసత్వమనడానికి ఎవరూ సందేహించరు. శిల్పవిశేషం లేని టాకీసును అలా పిలవాలంటే వారసత్వాన్ని కట్టడంతో కాక వాడుకతో కొలవాలి.

ఆ వాడుక ఎంత బలమైనదో 2023లో 'బలగం' చిత్రం చూపింది. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వం వహించిన ఈ చిత్రం మార్చిలో విడుదలైంది. అదే నెలలో ఓటీటీలోకి వచ్చాక తెలంగాణ పల్లెల్లో బహిరంగంగా తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. అనుమతి లేని ప్రదర్శనలపై నిర్మాణ సంస్థ పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. ఫోనులో ఒంటరిగా చూడగలిగిన సినిమాను చావిడి ముందు కూర్చుని చూసి, కలిసి ఏడ్చిన ఈ జనం టూరింగు టాకీసు వారసులే. తగ్గినది థియేటరుకు వెళ్లే అలవాటే తప్ప కలిసి చూడాలన్న కోరిక తగ్గలేదని ఈ ఘటన నిరూపిస్తున్నది.

6. ముగింపు:

ప్రతి పాత థియేటరునూ నిలబెట్టడం సాధ్యం కాదు. ప్రతి దాని చరిత్రనూ నమోదు చేయడం మాత్రం సాధ్యమే. లైసెన్సు, పన్ను ఫైళ్ల పరిశీలన, భవనాల ఛాయాచిత్రాలు, కొలతల సేకరణ, ఆపరేటర్లు, గేటుమనుషులు, టికెట్టు గుమస్తాలు, గోడపత్రాలు అంటించినవారు, నేల తరగతి ప్రేక్షకులతో ముఖాముఖి అనే మూడు పనులను స్థానిక డిగ్రీ కళాశాలలు విద్యార్థి పరిశోధనలుగా చేపట్టవచ్చు. వీటిలో మూడవది అత్యవసరం. ఫైలు అటకమీద కొన్నేళ్లు వేచి ఉండగలదు. డెబ్బై దాటిన ఆపరేటరు జ్ఞాపకానికి ఆ వెసులుబాటు లేదు.