ముద్దాయి ఎవరు?

నా తొలి కథల్లో ఒకదానిలో ఒక పాలేరు కూతురు కడుపు తీయించుకోబోయి చనిపోతుంది. చివర పోలీసులు మంత్రసానికి బేడీలు వేస్తారు. అదే వాస్తవికత అనుకున్నాను. ఆ పిల్లను ఆ స్థితికి తెచ్చిన కామందు కథలో కనిపించడు. ఊళ్ళో ఆసుపత్రి ఎందుకు లేదో ఎవరూ అడగరు. ఆమెను చీకట్లో ఆ గడప తొక్కించిన చట్టం ఊసే లేదు. అమెరికా రాష్ట్రాల గర్భస్రావ చట్టాల చరిత్ర చదువుతుంటే ఆ కథ గుర్తొచ్చింది. అక్కడి శాసనకర్తలూ నాలాగే ముద్దాయిని వెతికారు.

1821లో కనెక్టికట్ రాష్ట్రం, శిశువు కదలిక తెలిశాక విషమిచ్చి గర్భం పోగొట్టినవాణ్ణి శిక్షించింది. 1845లో న్యూయార్క్ ఆ స్త్రీని కూడా నేరస్థురాలిని చేసింది. 1854లో టెక్సాస్ చేసినవాళ్ళనే పట్టుకుంది. 1859లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గర్భస్రావాన్ని ఖండిస్తూ తీర్మానించింది. మంత్రసానుల చేతిలోని వైద్యాన్ని తమ అధీనంలోకి తెచ్చుకోవాలన్న ఆరాటం కూడా అందులో ఉంది.

ఇది పొరుగింటి గొడవ కాదు. 1860లో తెల్లదొరలు మనమీద రుద్దిన పీనల్ కోడ్ 312వ సెక్షన్ స్త్రీని కూడా ముద్దాయిని చేసింది. 1971 నాటి చట్టం మినహాయింపులిచ్చిందే గాని ఆ సెక్షన్‌ను తీసెయ్యలేదు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా బతికే ఉంది.

1973లో రో వర్సెస్ వేడ్ తీర్పు చెబుతూ అమెరికా సుప్రీంకోర్టు ఒక చురక వేసింది: పిండం చట్టరీత్యా వ్యక్తే అయితే, టెక్సాస్ చట్టంలో ఆ స్త్రీ సహనేరస్థురాలు ఎందుకు కాలేదు? జవాబు రాలేదు. 2016లో ఎన్నికల ప్రచారంలో డొనాల్డ్ ట్రంప్, స్త్రీకి ఏదో ఒక శిక్ష ఉండాలన్నాడు. ఆ రోజే మాట మార్చి బాధ్యత డాక్టరుదన్నాడు.

2021లో టెక్సాస్ మరో దారి తొక్కింది. గర్భస్రావం చేసినవాళ్ళ మీదా, సాయపడినవాళ్ళ మీదా ఎవరైనా దావా వేసి కనీసం 10,000 డాలర్లు రాబట్టుకోవచ్చు. 2022 జూన్‌లో రో తీర్పు కూలింది. ఆ ఆగస్టు నుంచి టెక్సాస్‌లో డాక్టరుకు యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. ఒకప్పుడు చట్టాన్ని కోరిన వృత్తే నేడు బోనెక్కింది.

స్త్రీని వదిలేశామంటారు. అది కరుణ కాదు. ఆమెను స్వయంగా నిర్ణయించుకునే మనిషిగా లెక్కపెట్టకపోవడం. పైగా ఆ వదిలెయ్యడం కూడా కాగితం మీదే. 2022 ఏప్రిల్‌లో అదే టెక్సాస్‌లో, తనంతట తాను గర్భం పోగొట్టుకుందని ఒక స్త్రీని హత్యానేరం కింద అరెస్టు చేశారు. చట్టం అందుకు ఒప్పదని తెలిశాక కేసు ఎత్తేశారు. ఇండియానాలో 2015లో ఒక భారత సంతతి స్త్రీకి 20 ఏళ్ళ శిక్ష వేశారు. భ్రూణహత్య ఆరోపణను 2016లో పై కోర్టు కొట్టివేసింది. అప్పటికే ఆమె జైల్లో ఉంది.

చట్టం అందర్నీ ఒకేలా తాకదు. 1976లోనే హైడ్ సవరణ పేదలకు ప్రభుత్వ వైద్య సహాయం దాదాపుగా ఆపింది. డబ్బున్న స్త్రీ రాష్ట్రం దాటి వెళ్ళగలదు. కూలిపనిలో సెలవు దొరకని స్త్రీ ఎక్కడికి పోగలదు?

అమ్మినవాడు, డాక్టరు, స్త్రీ, తోడు వెళ్ళినవాళ్ళు: రెండు వందల ఏళ్ళుగా ముద్దాయిలు మారారు. శాసనం రాసిన చెయ్యి మాత్రం బోనులో నిలబడలేదు. సాహిత్యం ఆ తీర్పునే తిరగరాస్తే మనం రచయితలం కాదు, గుమాస్తాలం. నా మంత్రసాని బేడీలు విప్పి ఆ కథను మళ్ళీ రాస్తున్నాను.