అతిథి దేవుడు – అన్నసత్రము నుండి అద్దె గృహము దాకా

తిథివారములతో నిమిత్తము లేక గృహద్వారమునకు వచ్చిన వానిని మన పెద్దలు అతిథి అన్నారు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి మాతాపితల, ఆచార్యుని సరసన అతిథిని దైవస్థానమున నిలిపినది. కఠోపనిషత్తులో నచికేతుడు యమధర్మరాజు గృహమున మూడు రాత్రులు నిరాహారుడై నిరీక్షించెను. మృత్యుదేవత సైతము ఆ లోపమునకు కలతచెంది, రాత్రికొకటి చొప్పున మూడు వరములొసగెను. ఆతిథ్యలోపమునకు చేసిన ప్రాయశ్చిత్తమే ఆత్మవిద్యోపదేశమునకు ద్వారమైనది.

ఈ భావము తెలుగునేల శిలలపై కూడ నిలిచియున్నది. రుద్రమదేవి కాలమునాటి మల్కాపురం శాసనము (క్రీ.శ. 1261) గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువు ధర్మకార్యములను వివరించును. అందు విద్యాస్థానముతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము ఉన్నవి. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఆ సత్రమున అన్నమునకు అందరూ అర్హులే.

గోదావరీ పాయల నడుమ లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ (1841–1909) ఈ ధర్మమునే గృహిణిగా ఆచరించినది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరిన ఆమె, ఆకలిగొన్న పెండ్లివారు తన యింటికే వెళ్తున్నారని విని, మార్గమధ్యముననే వెనుదిరిగినదని జనులు చెప్పుకొందురు. దైవదర్శనము ఆమెకు వంటింటనే లభించినది. నేడు వైనతేయ నదిపై ఉన్న అక్విడక్టు ఆమె పేరును ధరించియున్నది.

గోల్కొండ సమీపమున, నేటి ఖాజాగూడకు పొరుగున, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉన్నది. బాటసారులకు గదులతో పాటు వారి వాహనములైన జంతువులకు శాలలను కూడ నిర్మించుటలోని వివేకము గమనార్హము. అతిథిని మోసుకొనివచ్చిన ప్రాణి కూడ అతిథియే.

ఇప్పుడు ఖాజాగూడ పురాతన శిలల చెంత బహుళ అంతస్తుల భవనములు వెలసినవి. ఉద్యోగపు ఇంటర్వ్యూకు వచ్చు యువకుడు, కుమారుని చూడవచ్చు తల్లిదండ్రులు, చికిత్సకై వచ్చు రోగి బంధువులు దినమునకింత అని చెల్లించి అద్దె గృహములలో బస చేయుచున్నారు. మూల్యము స్వీకరించిన చోట ఆతిథ్యధర్మము నిలుచునా?

షోడశోపచారములను పరిశీలించిన సమాధానము దొరకును. ఆసనము, పాద్యము, అర్ఘ్యము, ఆచమనీయము – ఇవన్నియు అలసి వచ్చిన వానికి చేయు పరిచర్యలే. ఉతికిన దుప్పటి ఆసనము. స్నానమునకు సిద్ధముగానున్న వేడినీరు పాద్యము. కడిగిన బిందెలోని మంచినీరు ఆచమనీయము. అర్ధరాత్రి వచ్చువానికై గుమ్మమున వెలుగుచున్న బల్బు దీపము. ఉదయమున టిఫిను ఎచ్చట దొరకునో, కొండపై అనంతపద్మనాభస్వామి గుడికి దారి ఏదో తెలుగున వ్రాసియుంచిన కాగితము కూడ ఉపచారమే. అద్దె గదికి మూల్యము. ఆదరమునకు మూల్యము లేదు. అర్చకుడు సంభావన స్వీకరించినంత మాత్రమున అర్చన వ్యర్థము కాదు కదా.

అయితే ఒక ప్రమాదము కలదు. అతిథి ఇచ్చు నక్షత్రముల రేటింగు కొరకే సేవ చేసినచో అది ఫలాపేక్షయే. దీనికి పరీక్ష సులభము. అతిథిని తెచ్చిన కారు డ్రైవరు ఏ రేటింగూ వ్రాయడు. రాత్రి కారులోనే ముడుచుకొని పడుకొనవలసిన ఆతనికి ఒక చాప, దిండు, చెంబెడు నీరు లభించినచో, షేక్‌పేట సరాయి నేర్పిన పాఠము ఆ యింట జీవించియున్నట్లే. ఆ యింటి యజమాని చేసినది నిష్కామ కర్మయే.