బిలాస్‌పూర్ నుంచి అమర్‌కంటక్‌కు రోడ్డు యాత్ర: దారి, మజిలీలు, జాగ్రత్తలు

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్ నుంచి మధ్యప్రదేశ్‌లోని అమర్‌కంటక్‌కు దూరం సుమారు 120 కిలోమీటర్లు మాత్రమే. ఈ కొద్ది దూరంలోనే రహదారి వరి మైదానాన్ని వదిలి, సాల వృక్షాల అడవి గుండా, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున్న మైకల్ కొండలపైకి చేరుతుంది. దారిలో రాష్ట్ర సరిహద్దుతో పాటు నదుల సరిహద్దు కూడా వస్తుంది. బిలాస్‌పూర్‌ను ఒరుసుకుని పారే అర్పా నది నీరు శివనాథ్, మహానదుల ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. అమర్‌కంటక్‌లో పుట్టిన నర్మద పడమరగా సుమారు 1,312 కిలోమీటర్లు ప్రవహించి అరేబియా సముద్రాన్ని చేరుతుంది. అదే కొండల్లో పుట్టిన సోన్ నది గంగలో కలుస్తుంది.

ఘాట్ మలుపులు, అటవీ మార్గం ఉన్నందున ఈ యాత్రకు కిలోమీటర్ల లెక్క చాలదు. పగటి వెలుతురును బట్టి ప్రణాళిక వేసుకోవాలి. ఆగకుండా వెళితే మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. మజిలీలను చూస్తూ వెళ్లేవారు రెండు రోజులు కేటాయించుకోవడం మేలు.

బిలాస్‌పూర్ చేరడం

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. తిరుపతి నుంచి బిలాస్‌పూర్‌కు, విశాఖపట్నం నుంచి బిలాస్‌పూర్ మీదుగా కోర్బాకు రైళ్లు ఉన్నాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘ఫాంకీ’ కవితలోని కథ జరిగేది ఈ స్టేషన్‌లోనే.

ఏ దారి ఎంచుకోవాలి?

పటంలో అమర్‌కంటక్ వైపు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి కోటా, అచానక్‌మార్, లమ్నీ మీదుగా వెళ్తుంది. ఇది పులుల అభయారణ్యం లోపలి మార్గం కావడంతో సాధారణ వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉన్నాయి. రెండవది రతన్‌పూర్, కేందా, కేంవ్చీ మీదుగా సాగేది. యాత్రికులు ఈ రెండవ దారినే ఎంచుకోవాలి. ఫోన్‌లోని మార్గసూచిక అభయారణ్యం దారిని చూపినా దానిని అనుసరించరాదు.

అచానక్‌మార్‌ను 1975లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దానిని చూడదలచినవారు సఫారీ కోసం మరో రోజు కేటాయించుకోవాలి. వర్షాకాలంలో సఫారీలు ఉండవు.

మొదటి రోజు

ఉదయం ఏడు గంటలకు బయలుదేరితే 25 కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ మొదటి మజిలీ అవుతుంది. కలచురి రాజుల పూర్వ రాజధాని ఇది. ఇక్కడి మహామాయ ఆలయాన్ని శక్తి క్షేత్రంగా కొలుస్తారు. నవరాత్రుల్లో రద్దీ అధికం కనుక ఆ రోజుల్లో అదనపు సమయం ఉంచుకోవాలి. సమీపంలో కొండల నడుమ ఖూటాఘాట్ జలాశయం ఉంది.

రతన్‌పూర్‌లోనే ఇంధనం నింపుకుని, తాగునీరు తీసుకోవడం మంచిది. కేందా తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. సరిహద్దు వద్ద ఉన్న కబీర్ చబూతరా సంత్ కబీర్‌దాస్ సాధన చేసిన స్థలమని ప్రతీతి. ఇక్కడి నుంచి అమర్‌కంటక్ కొద్ది దూరమే. మధ్యాహ్నం మూడు గంటలలోపు చేరుకునేలా చూసుకుంటే సాయంత్రం నర్మదా కుండం, ఆలయ సముదాయం దర్శించుకోవచ్చు.

రెండవ రోజు

సూర్యోదయానికి సోన్‌ముడా వెళ్లాలి. సోన్ జన్మస్థానంగా యాత్రికులు కొలిచే ఈ చోట కొండ అంచు నుంచి కింది లోయ అంతా కనిపిస్తుంది. తరువాత నర్మదా కుండం సమీపంలోని కలచురి కాలపు ఆలయాలు చూడవచ్చు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న ఈ సముదాయంలో 11వ శతాబ్దపు కర్ణ ఆలయం ముఖ్యమైనది. ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని కపిలధార వద్ద నర్మద సుమారు 100 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. మరికొంత దిగువన దూధ్‌ధార ఉంది. తడి బండలు జారే అవకాశం ఉంది కనుక వృద్ధులు, పిల్లలతో వెళ్లేవారు జాగ్రత్త వహించాలి.

తిరుగు ప్రయాణంలో జ్వాలేశ్వర్ ఆలయం చూసుకుని గౌరేలా మీదుగా బిలాస్‌పూర్ చేరవచ్చు. మధ్యాహ్నం ఒంటి గంటలోపు బయలుదేరడం ఉత్తమం. పెండ్రా, మర్వాహీ అడవుల్లో ఏనుగుల గుంపుల సంచారం ఉంటుంది. చీకటి పడ్డాక ఈ దారిలో వెళ్లకూడదు, అడవిలో వాహనం ఆపి దిగకూడదు.

పత్రాలు, వాతావరణం

సొంత వాహనానికి రాష్ట్రం దాటేందుకు ప్రత్యేక పర్మిట్ అవసరం లేదు. డ్రైవింగ్ లైసెన్స్, రిజిస్ట్రేషన్, బీమా, కాలుష్య ధ్రువపత్రాలు వెంట ఉండాలి. డిజిలాకర్‌లోని పత్రాలు కూడా చెల్లుతాయి. అద్దె ట్యాక్సీ తీసుకునేవారు దానికి అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉందో లేదో ముందే నిర్ధారించుకోవాలి. లేకుంటే మధ్యప్రదేశ్ పన్ను ఎవరు కట్టాలన్నది బయలుదేరక ముందే తేల్చుకోవాలి.

అక్టోబరు నుంచి మార్చి వరకు అనుకూల కాలం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి తీవ్రం. వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉన్నా ఘాట్‌లో పొగమంచు, జారుడు ఎక్కువ. పర్వదినాల్లో వసతి దొరకడం కష్టం. 2024 మేలో జరిగిన నర్మదా పుష్కరాలకు తెలుగు రాష్ట్రాల నుంచీ భక్తులు ఇక్కడికి వచ్చారు.

ఘాట్‌లో వాహనం నడపడానికి వెనుకాడేవారు బిలాస్‌పూర్–కట్నీ మార్గంలోని పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగవచ్చు. గౌరేలాలోని ఈ స్టేషన్ నుంచి అద్దె వాహనంలో అమర్‌కంటక్ చేరుకోవచ్చు.