ఎర అంటే తిండి

భద్రాచలం దగ్గర గోదావరిలో గానీ, అడవి అంచున కిన్నెరసాని, తాలిపేరు వాగుల్లో గానీ, ఇటు వైరా, పాలేరు చెరువుల్లో గానీ గాలానికి ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగ కనబడడం అరుదు. తవుడూ గానుగపిండీ కలిపి పిసికిన ముద్ద గానీ, ఎర్రలు గానీ ఉంటాయి. దీన్ని వెనకబాటు అనుకునేవాళ్లున్నారు. బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగల విషయంలో మాత్రం పిండిముద్దే ముందు పుట్టిన విద్య, ఈగ చాలా ఆలస్యంగా దాని దారికి వచ్చింది అంటాను నేను. మన మాటే చూడండి. పాముకు కప్ప ఎర, పులికి జింక ఎర. ఎర అంటే ముందు తిండి, మోసం ఆ తర్వాత చేరిన అర్థం.

కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. 30కి పైగా చేపల పేర్లు, ఏ చేపకు ఏ తిండి పెట్టి మచ్చిక చేయాలి, గాలానికి ఏ ముద్ద గుచ్చాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లండులో గాలం మీద తొలి పుస్తకం అచ్చయింది 1496లో. మానసోల్లాసంలోది రాజుల వేడుక, కన్నడదేశపు మాట, గోదావరి ఒడ్డుకు ఏం సంబంధం అని అడగవచ్చు. అప్పటికి అనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు, కాబట్టి ఈ నేల ఆ కొలువుకు పరాయిది కాదు. పైగా ఏ చేప దేన్ని మింగుతుందో సింహాసనం మీద కూర్చుంటే తెలియదు. ఆ ఎరుక నీళ్లలో నిలబడ్డవాళ్లది, రాజు దాన్ని శ్లోకాల్లో పెట్టాడంతే.

మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. అందులో పెద్దపీట నదుల్లోని మహసీరు చేపది. చెరువు చేపల కోసం 1887లో ఆయనే విడిగా ఇంకో పుస్తకం రాయవలసి వచ్చింది. నది విద్య చెరువుకు సరిపోలేదనడానికి ఆ రెండో పుస్తకమే సాక్ష్యం. పిండిముద్ద పనిచేయడానికి కారణం చేప ఒంట్లోనే ఉంది. బంగారుతీగ నోటి పక్కన రెండు జతల మీసాలు, వాటితో అడుగు బురదను తడిమి రుచి చూస్తుంది. దవడలకు పళ్లుండవు, నమిలేది గొంతులోని పళ్లతో. నోట్లోకి పీల్చుకున్నది నచ్చకపోతే గొంతు దాకా పోనివ్వదు, క్షణంలో ఉమ్మేస్తుంది. ఈ చేప మన దేశానికి వచ్చిందే 1939లో, నీలగిరులకు. ఇక్కడి చెరువుల్లోకి దిగాక కూడా దానికి పాత పిండిముద్దే సరిపోయింది.

నీళ్లు తేరినప్పుడు ఈగ కూడా పనిచేస్తుంది కదా అంటే, పనిచేస్తుంది, కాదనను. అయితే విదేశాల్లో కార్పు, అంటే బంగారుతీగ కోసం ఇవాళ కడుతున్న ఈగల్లో కొన్ని అసలు పురుగుల్లాగే ఉండవు. జింక వెంట్రుకలను గుండ్రంగా కత్తిరించి రొట్టెముక్కలాగో, కుక్క బిస్కెట్టులాగో చేస్తారు. అంటే ఈగ పిండిముద్ద వేషం కట్టిందన్నమాట. రూపం వరకే వచ్చింది, వాసన రాలేదు. వానాకాలం గోదారి ఎర్రబారి అరచెయ్యి లోతున ఏమీ కనబడని రోజుల్లో ఆ వెంట్రుకల ఉండను చేప చూడనైనా చూడలేదు. పిండిముద్ద మాత్రం కొక్కెం చుట్టూ కొద్దికొద్దిగా కరుగుతూ, నువ్వుల చెక్క వాసనను ఆ బురదనీళ్లలోనే కిందికి వదులుతూ ఉంటుంది.