చెట్టు తినునదేమి?

జంతువు ఆహారమును వెదకికొని పోవును. చెట్టు మొలచిన చోటనే నిలచి, చిన్న గింజనుండి మహావృక్షమగును. దాని కలప, బెరడు, ఆకులు ఏ పదార్థమునుండి వచ్చుచున్నవి? పశువునకు నోరెట్టిదో చెట్టునకు వేరట్టిదనియు, మట్టిలో సిద్ధముగానున్న ఆహారమును వేళ్లు పీల్చుకొనుననియు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తలంచెను. యూరపు పండితులు చాల కాలము ఈ మాటనే నమ్మిరి. ఆ నమ్మకమును త్రాసులో పెట్టి చూచినవాడు 17వ శతాబ్దమున బ్రస్సెల్సు ప్రాంతమున నివసించిన వాన్ హెల్మాంట్ అను వైద్యుడు.

ఆయన కొలిమిలో ఎండబెట్టిన మట్టిని 200 పౌనులు తూచి తొట్టిలో పోసి, అందు 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటెను. దుమ్ము పడకుండ తొట్టికి చిల్లులు గల ఇనుపరేకు మూత నమర్చెను. వాననీరు, లేదా స్వేదనజలము తప్ప మరేమియు పోయలేదు. ఐదేండ్ల తరువాత చెట్టును పెరికి తూచగా 169 పౌనుల 3 ఔన్సులు తూగెను. నడుమ రాలిన ఆకులు ఈ లెక్కలో చేరలేదు. మట్టిని మరల ఎండబెట్టి తూచగా, తగ్గినది సుమారు 2 ఔన్సులు మాత్రమే!

మట్టియే చెట్టునకు ఆహారమను మాట ఈ తూకముతో కూలిపోయెను. అయితే హెల్మాంట్ అంతటితో ఆగక, 164 పౌనుల కలప, బెరడు, వేళ్లు కేవలము నీటినుండియే పుట్టినవని నిర్ణయించెను. తాను తొట్టిలో పోసినది నీరొక్కటే గదా! కాని ఆ ఐదేండ్లును చెట్టు గాలిలో నిలచియుండెను. ఆ గాలి ఆయన లెక్కకు రాలేదు.

విచిత్రమేమనగా, ‘గ్యాస్’ అను పదమును కల్పించినవాడు హెల్మాంటే. 62 పౌనుల ఓక్ బొగ్గును కాల్చినచో ఒక పౌను బూడిద మిగులుననియు, తక్కినది వాయువై పోవుననియు వ్రాసినవాడును ఆయనయే. అట్లు పోవు వాయువు ముఖ్యముగా మనము చెప్పు బొగ్గుపులుసు వాయువే. కట్టె కాలి వాయువగుట నెరిగినవాడు, ఆ వాయువు మరల కట్టె యగుటను ఊహింపలేకపోయెను. 1644లో ఆయన మరణించెను. 1648లో ఆయన కుమారుడు ఈ రచనలను ప్రకటించెను.

లెక్కలోని ఈ వెలితి పూడుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, క్రొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ నుంచెను. కొన్ని దినములకు ఆ గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగెను. 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు, ఈ పని చేయునవి ఆకుపచ్చని భాగములే యనియు, అదియు వెలుతురులోనే యనియు చూపెను. బొగ్గుపులుసు వాయువు లేనిచో ఆకులు ఆమ్లజనిని విడువవని 1782లో జెనీవా వాసి సెనెబియే తెలిపెను. అదే నగరమునకు చెందిన సొస్యూర్ మరల త్రాసును చేపట్టి, 1804లో తన ఫలితములను ప్రకటించెను. మొక్క గ్రహించిన బొగ్గు బరువుకంటె మొక్క పెరిగిన బరువే ఎక్కువ. ఆ మిగులు నీటినుండి వచ్చినదని ఆయన తేల్చెను. కావున హెల్మాంట్ చెప్పినది సగము నిజమే.

నేడు దీనిని కిరణజన్య సంయోగక్రియ అందుము. ఎండిన చెట్టు బరువులో చాల భాగము గాలినుండియు నీటినుండియు వచ్చినదే. ఆకు ఇట్లు తయారుచేసిన పిండిపదార్థమే మేకకును, పులికిని, మనుష్యునకును ఏదో ఒక మార్గమున అన్నమగుచున్నది.

ఇక ఆ 2 ఔన్సుల మాట. హెల్మాంట్ వానిని స్వల్పమని త్రోసివేసెను. కాని చెట్టు మట్టినుండి గ్రహించునవి భాస్వరము, పొటాషియము మొదలగు వాని లవణములు. అవి కొద్దిపాటివే యైనను, లేనిచో చెట్టు బ్రతుకజాలదు. రైతు పొలమునకు ఎరువు వేయుట అందులకే. హెల్మాంట్ తూకములో తప్పు లేదు. గాలిని తూచకుండుటయు, తూచిన 2 ఔన్సులను విడిచివేయుటయు ఆయనను త్రోవ తప్పించినవి.