ముక్కాలి స్టూలు, గోల్కొండ పేరు

మన బడి సైన్స్ ల్యాబులో మూడు కాళ్ల చెక్క స్టూళ్లు ఉండేవి, గుర్తుందా? ఒక పక్కకు వాలితే కింద పడేవాళ్లం. "సక్కగ కూసోరా, పడ్తవ్" అని సారు అరవని రోజు లేదు. నాలుగో కాలికి పైసలు చాలలేదేమోనని నవ్వుకునేవాళ్లం.

ఇంజనీరింగ్ చదివాక ఆ నవ్వు పోయింది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. అందుకే నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ముక్కాలి పీట ఊగదు. నాలుగు కాళ్లదైతే ఒక కాలి కింద కాగితం మడిచి పెట్టాల్సిందే. గతుకుల బండలు పరిచిన మన ల్యాబుకు మూడు కాళ్లే సరి.

ఈ లెక్కనే గత శతాబ్దపు పేరున్న డిజైనర్లూ నమ్ముకున్నారు. 1933లో ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో బిర్చ్ కర్ర కాళ్లను వంచి చేసిన ముక్కాలి స్టూలు నేటికీ తయారవుతోంది. నగిషీ లేదు, ఒకదానిపై ఒకటి పేర్చుకోవచ్చు.

ఆ తరంలోని మరొకరి కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఆయన జార్జ్ నకషిమా, జపాన్ సంతతి అమెరికన్. టోక్యోలో ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనిచేస్తూ, పుదుచ్చేరి అరవిందాశ్రమ వసతి గృహం కట్టించడానికి 1937లో వచ్చాడు. నిజాం ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో ఆ భవనానికి లక్ష రూపాయల విరాళం అందింది. అందుకే దానికి 'గోల్కొండ' అని పేరు పెట్టారు. అక్కడి గదులకు టేకు సామాను రూపొందించింది నకషిమాయే.

1942లో అమెరికా ప్రభుత్వం ఆయన్ను, భార్యను, పసికూతురు మీరాను నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ ఒక జపాన్ వడ్రంగి దగ్గర ఆయన చేతిపని నేర్చుకున్నాడు. తర్వాత మీరా కోసం ఒక కుర్చీ చేశాడు. దానికీ మూడే కాళ్లు! 1964లో అహ్మదాబాద్ డిజైన్ సంస్థకు వచ్చి ఇక్కడి పనివాళ్లతోనూ సామాను చేయించాడు.

ఇప్పుడు గండిమైసమ్మ చౌరస్తాలో ఏ టీకొట్టు ముందు చూసినా ప్లాస్టిక్ స్టూళ్లే. మొన్న జూబ్లీ పనుల మీద బడికి వెళితే, తుక్కు కింద అమ్మే కుప్పలో మన ల్యాబు స్టూళ్లు రెండు కనిపించాయి. చేసిన వడ్రంగి పేరు వాటి మీద లేదు. పని మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. వాటిని అమ్మనీయకండి. ఒకటి కొత్త ల్యాబులో పెడదాం. తలం పాఠం చెప్పే రోజు పిల్లలను దానిమీద కూర్చోబెడదాం. రెండోదాని కాలు ఒకటి వదులైంది. బాగుచేయించే ఖర్చు నాది.